ప్రమాదం ఎవరిది?

నాట్ల కాలంలో మానుకోట జిల్లా పేజీ తిరగేసేవారికి ఒక వాక్యం కంఠతా వచ్చి ఉంటుంది. ఊరి పేరు, మనిషి వయసు మారుతుంటాయి, వాక్యం మాత్రం అదే. "పొలం దున్నుతుండగా ట్రాక్టర్ ప్రమాదవశాత్తు బోల్తా పడి డ్రైవర్ అక్కడికక్కడే మృతి చెందాడు." కురవి, డోర్నకల్, మరిపెడ, ఏ మండలం పేరు పెట్టినా అందులో ఇమిడిపోతుంది. ఆ వాక్యంలో ఒక్క మాట దగ్గర ఆగుదాం: ప్రమాదవశాత్తు.

దీని అర్థం ఎవరినడిగినా "అనుకోకుండా జరిగింది, ఎవరి తప్పూ లేదు" అనే చెబుతారు. పంచనామాలోనూ విలేకరి రాతలోనూ దానికి అప్పజెప్పిన పని అదే. హత్య కాదు, ఆత్మహత్య కాదు, కాబట్టి ప్రమాదవశాత్తు. మాటను విడదీస్తే మాత్రం కథ తిరగబడుతుంది. 'వశాత్' అంటే 'వల్ల, లోబడి'. 'ప్రమాదం' అంటే సంస్కృతంలో ఏమరుపాటు, అజాగ్రత్త, చేయవలసిన పని మీద నుంచి మనసు జారడం. రెండూ కలిపితే వచ్చే అర్థం 'అజాగ్రత్త వల్ల' అని. ఎవరి తప్పూ లేదని చెప్పడానికి మనం వాడే మాట, ఎవరిదో తప్పుందని చెప్పడానికే పుట్టింది.

దీని ధాతువు 'మద్'. సంతోషించడం, మత్తెక్కడం దాని అర్థాలు. మదం, మద్యం, ఉన్మాదం, మదపుటేనుగు అన్నీ ఆ ఇంటివే. మనం అచ్చ తెలుగు అనుకునే 'మత్తు' కూడా అక్కడి నుంచి వచ్చిందే. దానికి 'ప్ర' చేరినప్పుడు రెండు దారులయ్యాయి. హ్రస్వంతో 'ప్రమద' అయితే ఆనందం, దీర్ఘంతో 'ప్రమాద' అయితే అజాగ్రత్త. ఆనందం అన్న అర్థంలో హ్రస్వరూపం నిలవడానికి పాణిని ప్రత్యేకంగా ఒక సూత్రమే చేశాడు. ఒళ్లు మరిచిన సంతోషానికీ, ఒళ్లు మరిచిన తప్పుకూ నడుమ ఉన్నది ఒక్క దీర్ఘం. అమరకోశం ప్రమాదానికి 'అనవధానత' అని అర్థం చెప్పింది, అంటే అవధానం లేకపోవడం.

పూర్వులు ఈ మాటను తేలిగ్గా వాడలేదు. గీత పద్నాలుగో అధ్యాయం ప్రమాదాన్ని తమోగుణం ఖాతాలో వేసింది. పతంజలి యోగానికి చెప్పిన తొమ్మిది అడ్డంకుల్లో ఇదొకటి. ధమ్మపదంలో రెండో వర్గం పేరే అప్పమాద వర్గం. ఫణిగిరి కొండ మీద ఒకప్పుడు ఉన్న బౌద్ధ భిక్షువులకు అది నిత్యం నోట నానిన మాటే అయి ఉంటుంది. క్రీ.పూ. 2వ శతాబ్దంలో విదిశ దగ్గర బేస్‌నగర్‌లో గరుడ స్తంభం నిలబెట్టిన గ్రీకు రాయబారి హెలియోడోరస్, అమృతపదాలంటూ మూడింటిని దాని మీద చెక్కించాడు: దమం, త్యాగం, అప్రమాదం. దానం చేయడానికి ఎంత విలువ ఇచ్చారో, ఏమరకుండా ఉండడానికీ అంతే విలువ ఇచ్చారన్నమాట.

ఈ క్రియ వాడుకలో ఇంకో సంగతి ఉంది. సంస్కృతంలో 'ప్రమద్' అనే క్రియ పంచమీ విభక్తిని కోరుతుంది. ఎవరు ఏమరారో చెబితే వాక్యం పూర్తి కాదు, దేని నుంచి ఏమరారో కూడా చెప్పాలి. తైత్తిరీయోపనిషత్తు శిక్షావల్లిలో చదువు ముగించుకుని వెళ్లే శిష్యుడికి గురువు చెప్పే హితవుల్లో కొన్ని ఈ కూర్పులోనే ఉంటాయి. సత్యం నుంచి, ధర్మం నుంచి, చదువు చెప్పడం నుంచి ఏమరవద్దని ఒక్కొక్కటిగా చెబుతాడు. అంటే ప్రమాదం అన్న మాట ఎప్పుడూ రెండు ప్రశ్నలు వెంటబెట్టుకుని తిరిగేది. ఎవరు? దేని నుంచి? మన వార్తలో ఆ రెండూ రాలిపోయాయి. ప్రమాదం 'జరుగుతుంది', 'సంభవిస్తుంది', 'చోటుచేసుకుంటుంది'. చేసినవాడు కనబడడు, చేయకుండా వదిలేసిన పనీ కనబడదు.

ఇరుగుపొరుగు భాషల్లో ఈ మాటకు ఇలాంటి గతి పట్టలేదు. హిందీలో ప్రమాద్ అంటే ఇప్పటికీ అలసత్వం, నిర్లక్ష్యం. రోడ్డు మీద జరిగేదాన్ని వాళ్లు దుర్ఘటన అంటారు. కన్నడంలో ప్రమాద అంటే పెద్ద పొరపాటు, యాక్సిడెంటుకు అపఘాత అనే మాట వేరే ఉంది. తమిళంలో కథ ఇంకా వింతది. మద్రాసులో ఉన్న తెలుగువాళ్లకు తెలిసిన ముచ్చటే, అక్కడ సాంబారు బాగుంటే "పిరమాదం!" అంటారు. వాళ్ల మాటకు ఆనందపు దారి దొరికింది. మనమొక్కరమే అజాగ్రత్తను పట్టుకుని పోయి, దాని ఫలితానికి ఆ పేరు పెట్టేశాం. కారణం పేరు కార్యానికి రావడం భాషలో మామూలే. ఇక్కడ చిక్కేమిటంటే, ఫలితం పేరు కాగానే మాటలోంచి కారణం తప్పుకుంది. ఇంగ్లీషువాళ్ల యాక్సిడెంటు లాటిన్‌లో 'మీద పడడం' అన్న అర్థం నుంచి వచ్చింది. దానిలో మొదటి నుంచీ కర్త లేడు. మన మాటకు కర్త ఉండేవాడు. మనమే పోగొట్టాం.

పూర్తిగా పోయాడనీ చెప్పలేం. ఎదురు మాటలో ఇంకా ఉన్నాడు. వాయుగుండం వస్తోందంటే "అధికారులు అప్రమత్తంగా ఉండాలి" అంటాం. అక్కడ మత్తు, ఏమరుపాటు అనే పాత అర్థం చెక్కుచెదరలేదు. అప్రమత్తుడు అంటే మెలకువ గలవాడని బడిపిల్లలకూ తెలుసు. ప్రమాదం అంటే మెలకువ లేకపోవడమని పెద్దలకూ గుర్తుండదు. ఒకే ఇంటి రెండు మాటలు ఒకదాన్నొకటి గుర్తుపట్టని స్థితికి వచ్చాయి.

మానుకోట వైపు ఊళ్లల్లో ఈ సంస్కృతం మాటల అవసరం పెద్దగా లేదు. అక్కడ అప్రమత్తతకు రెండు చక్కటి మాటలున్నాయి. ఒకటి 'సోయి': "సోయి ఉండి పని చెయ్యాలె." రెండోది 'పైలం': పొద్దున్నే ట్రాక్టర్ మీద పనికి పోయే కొడుకుకు తల్లి గడపలోనే చెప్పేది "పైలం బిడ్డా" అని. ఆ పైలం ఎప్పుడూ నడిపేవాడికే చెబుతారు. ట్రాక్టర్‌కు చెప్పరు. దాన్ని గీసి, పోతపోసి, బిగించి, అమ్మి పంపినవాళ్లకు అసలే చెప్పరు. మనిషి పోయాక కూడా అంతే. వాకిట్లో కూర్చున్నవాళ్లు "వాని గాచారం అట్లున్నది" అంటారు, "నూకలు చెల్లినయి" అంటారు. కొంచెం కటువుగా మాట్లాడేవాడుంటే "సోయి లేకుంట తోలిండు" అంటాడు. తప్పు గ్రహాలదైనా కావాలి, చచ్చిపోయినవాడిదైనా కావాలి. మూడో మనిషి ప్రస్తావన రాదు.

ఆ మూడో మనిషి ఎందుకు రావాలో తెలియాలంటే బురదపొలంలోకి దిగాలి. నాటుకు ముందు మడి దున్నేటప్పుడు ట్రాక్టర్‌కు వెనక కేజ్‌వీల్స్ బిగిస్తారు. ఇనుప పట్టీల ఆ చక్రాలు బురదను పట్టుకుని లాగుతాయి. ఒక్కోసారి మరీ లోతుగా దిగబడి కదలవు. డ్రైవర్ ఇంకాస్త యాక్సిలరేటర్ తొక్కుతాడు. చక్రం తిరగడానికి దారి లేనప్పుడు ఇంజను బలం ఎక్కడికో పోవాలి కదా. వెనక ఇరుసు కేంద్రంగా బండినే పైకి తిప్పుతుంది. ముందు చక్రాలు లేస్తాయి. గెట్టు ఎక్కించేటప్పుడూ ఇదే జరుగుతుంది, అక్కడ ముందుభాగం సగం లేచే ఉంటుంది కాబట్టి ఇంకా తొందరగా. ఒక హద్దు దాటాక క్లచ్ తొక్కినా, బ్రేకు తొక్కినా లాభం లేదు. రెప్పపాటులో బండి వెల్లకిలా పడుతుంది, డ్రైవర్ స్టీరింగుకూ బురదకూ నడుమ ఇరుక్కుంటాడు. బతికి బయటపడ్డవాళ్లు చెప్పేది ఒకటే ముక్క: "ముంగట లేసింది, దుంకుదమంటె సందు దొరకలె."

మన పొలాల్లో తిరిగే ట్రాక్టర్లలో ఎక్కువ వాటికి ఆ సందు ఇచ్చే ఏర్పాటు ఉండదు. సీటు వెనక నిలబెట్టే గట్టి ఇనుప చట్రం, దానితోపాటు సీటు బెల్టు ఉంటే, బండి తిరగబడ్డా నడిపేవాడి చుట్టూ కాస్త జాగా మిగులుతుంది. స్వీడన్ 1959లో కొత్త ట్రాక్టర్లకు ఆ చట్రాన్ని తప్పనిసరి చేసింది. తర్వాతి దశాబ్దాల్లో అక్కడ బోల్తా మరణాలు దాదాపు లేకుండా పోయాయి. స్వీడన్ రైతులకు ఒక్కసారిగా సోయి పెరిగిందని ఎవరూ అనరు. వాళ్లూ గట్లెక్కారు, వాళ్లూ బురదలో దిగబడ్డారు. ట్రాక్టర్ మారింది, అంతే. మరి అదే గట్టు మీద మనవాడు పోతే ఆ ప్రమాదం, అంటే ఆ ఏమరుపాటు, ఎవరిది?

మక్కలు పట్టే మిషన్ దగ్గరా ఇదే ప్రశ్న. ట్రాక్టర్ వెనక నుంచి మిషన్‌కు తిప్పుడు అందించే కడ్డీని పీటీవో షాఫ్ట్ అంటారు. దాని మామూలు వేగం నిమిషానికి 540 చుట్లు, సెకనుకు తొమ్మిది. కొంగు చివరో, తువ్వాల అంచో దానికి తగిలితే, "ఆపు" అనే కేక నోటి నుంచి వచ్చేలోపు మూరల కొద్దీ బట్ట చుట్టుకుపోతుంది. కడ్డీ మీద ప్లాస్టిక్ తొడుగు ఒకటి వస్తుంది. కడ్డీ తిరుగుతున్నా తొడుగు తిరగకుండా సన్నటి గొలుసుతో కట్టి ఉంచుతారు. రెండు పంటలకు అది పగిలిపోతుంది, లేదా గ్రీజు పెట్టడానికి అడ్డమని తీసి పక్కన పడేస్తారు. తీసినవాడిది తప్పే. అంత సులువుగా పగిలేలా, గ్రీజు పెట్టాలంటే తీయక తప్పనట్టుగా చేసినవాడి సంగతి కూడా అడగాలి.

అవధానంలో పృచ్ఛకులు గంట కొట్టి, అప్రస్తుత ప్రసంగం చేసి అవధాని ధ్యాస చెడగొట్టాలని చూస్తారు. చెదరకుండా నిలబడ్డవాడికి శాలువా కప్పుతారు. కూలి పని అలాంటి సభ కాకూడదు. ఎండలో పది గంటలు పనిచేసే మనిషికి ఒక్క క్షణం ధ్యాస తప్పుతుందని అందరికంటే ముందు తెలియాల్సింది యంత్రం గీసేవాడికే. క్షణం అనవధానానికి ప్రాణం అడిగే యంత్రాన్ని చేసి, నువ్వు శతావధానివి ఎందుకు కాలేకపోయావని అడగడం న్యాయం కాదు.

ఇక్కడ ఇంకో మాట కలిసివస్తుంది. అలాంటి యంత్రాన్ని మనం 'ప్రమాదకరం' అంటాం. కరం అంటే చేసేది, కలిగించేది. ఆరోగ్యకరం ఆరోగ్యాన్ని కలిగించినట్టు, ప్రమాదకరం ఏమరుపాటును కలిగించాలి. ఇది వట్టి శబ్దచమత్కారం అనిపించవచ్చు గాని, పరిశ్రమల భద్రత మీద పనిచేసే ఇంజనీర్లు చెప్పేదీ అదే. ఒకే రకంగా కనిపించే రెండు లీవర్లు పక్కపక్కన పెట్టి ఒకటి ఎత్తడానికి, ఒకటి దించడానికి అంటే చెయ్యి తడబడుతుంది. వెనక ఏముందో కనబడని డంపర్ డ్రైవర్‌ను గుడ్డివాణ్ని చేస్తుంది. అది మనిషి ఏమరుపాటు అని రాసుకుంటాం, నిజానికి దాన్ని పుట్టించింది యంత్రం. నిఘంటువు అర్థంలోనే అది ప్రమాదకరం.

మన చట్టాలు ఈ చోటికి చాలా మెల్లగా వచ్చాయి. మొదటి మెట్టు 1855లో ప్రాణాంతక ప్రమాదాల చట్టం. పాత ఆంగ్ల న్యాయంలో మనిషి చనిపోతే దావా కూడా అతనితోనే చనిపోయేది. చావుకు కారకుడైనవాడి మీద కుటుంబం నష్టపరిహారానికి దావా వేయవచ్చని ఈ చట్టం చెప్పింది. పేరులో యాక్సిడెంటు అని ఉన్నా లోపల రాసింది తప్పుడు పని, నిర్లక్ష్యం, విధి తప్పడం అనే మూడు మాటలు. పైన ఒకటి, లోన ఒకటి. మన ప్రమాదం కథ కూడా అదే కదా.

1923లో కార్మికుల పరిహార చట్టం వచ్చింది. పని మీద ఉండగా చనిపోతే తప్పు యజమానిదా కాదా అని చూడకుండా పరిహారం ఇవ్వాలంది. అందులో ఒక మెలిక చాలామందికి తెలియదు. తాగి ఉన్నాడనీ, రక్షణ తొడుగు కావాలని తీసేశాడనీ చెప్పి గాయపడ్డవాడి పరిహారాన్ని యజమాని ఎగ్గొట్టవచ్చు. మనిషి చనిపోయినప్పుడు మాత్రం ఆ సాకులు చెల్లవు. ట్రాక్టర్‌తో సేద్యం చేసే కూలీ కూడా ఆ చట్టం రెండో షెడ్యూల్లో ఉండేవాడు. 2020 జనవరి నుంచి నెలకు 15,000 రూపాయల దాకా జీతాన్ని లెక్కలోకి తీసుకున్నారు. ముప్పై ఏళ్ల మనిషి పోతే అందులో సగాన్ని 207.98తో హెచ్చవేస్తే 15,59,850 రూపాయలు. ఆ చట్టం ఇప్పుడు 2020 సామాజిక భద్రత కోడ్‌లోకి చేరింది. యంత్రంలోని లోపం వల్లే చావు జరిగితే, తాను కట్టిన సొమ్మును అసలు కారకుడి నుంచి రాబట్టుకునే హక్కును పాత చట్టం 13వ సెక్షన్ యజమానికి ఇచ్చింది. కురవి దగ్గర ఉన్న చిన్న క్వారీ యజమానికి ఆ హక్కు గుర్తు చేసేవారు తక్కువ.

యంత్రం అమ్మినవాడి గడప తొక్కింది 1948 ఫ్యాక్టరీల చట్టం. తిరిగే ఇరుసు మీద పొడుచుకొచ్చిన బోల్టులు, సెట్ స్క్రూలు లోపలికి దింపి గాని, కప్పి గాని ఉండాలనీ, అలా లేని యంత్రాన్ని ఫ్యాక్టరీకి అమ్మినా అద్దెకిచ్చినా మూడు నెలల దాకా జైలు లేదా 500 రూపాయల దాకా జరిమానా లేదా రెండూ అనీ 26వ సెక్షన్ అంది. 1987లో చేర్చిన 7బీ సెక్షన్ ఇంకా ముందుకు పోయి, యంత్రాన్ని రూపకల్పన చేసేవాడు, తయారుచేసేవాడు, దిగుమతి చేసుకునేవాడు, సరఫరా చేసేవాడు, నలుగురికీ కార్మికుడి భద్రత బాధ్యత పెట్టింది. ఈ నడుమ 1983లో అపాయకర యంత్రాల నియంత్రణ చట్టం వచ్చింది. దాని ఎదట ముఖ్యంగా ఉన్నది నూర్పిడి యంత్రం. తయారీకి లైసెన్సు, యంత్రానికి ప్రమాణాలు, చనిపోయినా గాయపడినా పరిహారం, ఇవి దాని ఉద్దేశాలు. పొలంలో చేతులు పోగొట్టుకున్నవాళ్ల కోసం చట్టం ఉందని పొలాల్లో ఎంతమందికి తెలుసు?

అమెరికాలో ఈ ప్రశ్నకు మలుపు వచ్చిన కేసు కూడా స్క్రూల గురించే కావడం విచిత్రం. గ్రీన్‌మన్ అనే ఆయనకు భార్య చెక్కపని చేసే యంత్రాన్ని కానుకగా ఇచ్చింది. చెక్కను బిగించి ఉంచాల్సిన స్క్రూలు సరిపోక, తిరుగుతున్న చెక్క ఎగిరి నుదుటికి తగిలింది. 1963లో కాలిఫోర్నియా సుప్రీంకోర్టు తరఫున న్యాయమూర్తి రోజర్ ట్రేనర్ తేల్చింది ఇదీ: సరుకును పరీక్షించి చూడకుండానే జనం వాడతారని తెలిసి బజారులో పెట్టినప్పుడు, దానిలోని లోపం వల్ల హాని జరిగితే తయారీదారు జవాబు చెప్పాలి, అతని అజాగ్రత్తను వేరే రుజువు చేయనక్కరలేదు. ఉత్పత్తి బాధ్యత దావాలకు అక్కడి నుంచి ఊపొచ్చింది.

మన దేశంలో ఆ మాట చట్టంలో పేరుపెట్టి వచ్చింది 2019 వినియోగదారుల రక్షణ చట్టంలో. 2020 జులై 20న అమల్లోకి వచ్చిన దాని ఆరో అధ్యాయం, 82 నుంచి 87 దాకా సెక్షన్లు, పూర్తిగా దీని గురించే. తయారీలో లోపం, రూపకల్పనలో లోపం, తయారీ ప్రమాణాల నుంచి పక్కకు పోవడం, ఇచ్చిన హామీ నిలబడకపోవడం, సరైన సూచనలూ హెచ్చరికలూ లేకపోవడం, ఈ అయిదింటిలో ఏది ఉన్నా తయారీదారు బాధ్యుడే. హామీ ఇవ్వడంలో తన నిర్లక్ష్యం గాని మోసం గాని లేదని రుజువు చేసుకున్నా తప్పించుకోలేడు.

అయితే 87వ సెక్షన్ దగ్గర కార్మికుడికి అడ్డుగోడ ఉంది. యంత్రాన్ని పనిచోట వాడడానికి యజమాని కొని ఉంటే, హెచ్చరికలూ సూచనలూ ఆ యజమానికి అందజేసి ఉంటే, హెచ్చరిక లేదన్న ఫిర్యాదుకు తయారీదారు జవాబు చెప్పనక్కరలేదు. పుస్తకం యజమాని బీరువాలో ఉంటుంది, సీటు మీద కూర్చున్నవాడు దాని అట్ట కూడా చూసి ఉండడు. పైగా వ్యాపారం కోసం కొన్న వస్తువుకు వినియోగదారు హక్కు ఉండదు. తన బతుకుదెరువుకు సొంతంగా ట్రాక్టర్ కొనుక్కున్న రైతుకు ఆ తలుపు తెరిచి ఉంది, గ్రానైటు క్వారీలో జీతానికి కుదిరిన ఆపరేటర్‌కు చాలా ఇరుకు. అదే సెక్షన్‌లో, వాడేటప్పుడు మద్యం మత్తులో ఉన్నా హెచ్చరికల దావా చెల్లదని ఇంకో ముక్క ఉంది. 'మద్' ధాతువు తన మొదటి అర్థంతో 2019లో మళ్లీ చట్టంలోకి వచ్చిందన్నమాట, అదీ తయారీదారు పక్షాన.

పొలంలో ఒక్కడే పోతాడు కాబట్టి ప్రశ్న చిన్నదిగా కనిపిస్తుంది. 2020 ఆగస్టు 1న విశాఖపట్నం హిందుస్థాన్ షిప్‌యార్డులో 70 టన్నుల క్రేన్‌ను పరీక్షిస్తుండగా అది కూలిపోయి 11 మంది చనిపోయారు. బరువు మోస్తుందో లేదో చూడడానికి పెట్టిన పరీక్షలోనే కూలింది. అక్కడ "డ్రైవర్ సోయి తప్పిండు" అని ఒక్క మాటతో ముగించే వీల్లేదు. గీసినవాళ్లు, చేసినవాళ్లు, నిలబెట్టినవాళ్లు, పరీక్ష నడిపినవాళ్లు, ఒక వరసంతా కళ్లముందుకొస్తుంది. భూపాలపల్లి ఓపెన్‌కాస్టు గనిలో నడిచే భారీ యంత్రానికీ, కురవి మడిలో నడిచే ట్రాక్టర్‌కూ వెనక ఆ వరస అలాగే ఉంటుంది. మడిలో నిలబడి చూస్తే కనిపించదు, అంతే తేడా.

కనిపించకపోవడానికి మన నోటి మాటే అడ్డమా అంటే అదీ కాదు. యంత్రాలకు మనం పెట్టిన పేర్లు వినండి. జేసీబీ అన్నది జోసెఫ్ సిరిల్ బామ్‌ఫోర్డ్ అనే ఇంగ్లండు పెద్దమనిషి పేరులోని పొడి అక్షరాలు. పొక్లెయిన్ ఒక ఫ్రెంచి కంపెనీ పేరు, హిటాచీ జపాన్‌లో ఒక ఊరి పేరు. ఏ కంపెనీ చేసినా మట్టి తవ్వేదాన్ని జేసీబీ అనే అంటాం. చేసినవాడి పేరు మీదే యంత్రాన్ని పిలిచే జనం, ఆ యంత్రం కింద మనిషి పోయిన రోజున మాత్రం ఎవరు చేశారని అడగరు. "జేసీబీ తగిలి" అని రాసిన వార్తలో కూడా, ఆ బండి నిజంగా ఎవరి తయారీయో, ఏ ఏడాదిదో, వెనక్కి వచ్చేటప్పుడు హారను మోగేదో లేదో ఉండదు.

కురవి పాత పేరు కొరవి. ముదిగొండ చాళుక్యుల కాలానికి చెందిన కొరవి శాసనం, 10వ శతాబ్దానిది, తెలుగు గద్యంలో దొరికిన తొలినాటి శాసనాల్లో ఒకటి. పద్యానికి గణాలున్నట్టే శాసన గద్యానికీ ఒక క్రమశిక్షణ ఉంది: ఇచ్చినవాడెవరు, పుచ్చుకున్నవాడెవరు, ఏమిచ్చారు, చెడగొట్టినవాడికి ఏ పాపం చుట్టుకుంటుంది. కర్త లేకుండా శాసనం నడవదు. వెయ్యేళ్ల కిందటే అలాంటి గద్యం రాతికెక్కిన నేల మీద, ఇవాళ "అదుపు తప్పి", "విధి వక్రించి", "మృత్యువు కబళించి" అనే వాక్యాలు రాస్తున్నాం. అదుపు దానంతటదే తప్పుతుంది, విధి దానంతటదే వక్రిస్తుంది.

బాధితుడు, బాధ్యుడు కూడా ఒకే ధాతువు బిడ్డలు. 'బాధ్' అంటే ఒత్తడం, నొక్కడం. ఒత్తిడికి లోనైనవాడు బాధితుడు, పట్టి ఒత్తదగినవాడు బాధ్యుడు. నిర్లక్ష్యంతో ప్రాణం తీసిన నేరం కింద, భారతీయ న్యాయ సంహిత 106వ సెక్షన్ కింద, కేసు పెట్టినా, నడిపినవాడే పోతే నిందితుడు లేడని కాగితం మూసేస్తారు. బాధితుడూ బాధ్యుడూ అతనే అయిపోతాడు. వ్యాకరణం ఇద్దరికీ వేర్వేరు ప్రత్యయాలిచ్చింది, మనం ఇద్దరినీ ఒకే పాడె మీద పంపిస్తున్నాం.

అందుకని మాటను మార్చమని అనను. వందల ఏళ్లుగా వాడుకలో స్థిరపడ్డ అర్థాన్ని పండితులు వెనక్కి తిప్పలేరు, తిప్పనక్కరలేదు కూడా. ప్రమాదం కోల్పోయిన రెండు విభక్తులను దానికి తిరిగి ఇస్తే చాలు. వార్త రాసే విలేకరి, పంచనామా రాసే పోలీసు, ఫిర్యాదు రాయించే ఇంటివాళ్లు ఆ మాట రాసిన ప్రతిసారీ కింద రెండు గీతలు గీసుకోవాలి. ఎవరి ప్రమాదం? దేని నుంచి? ఆ గీతల్లో నింపడానికి కావలసినవి చిన్న చిన్న సంగతులే: బండి తయారీ ఏడాది, మోడల్, ఛాసిస్ నంబరు, సీటు వెనక చట్రం ఉందా, షాఫ్ట్ మీద తొడుగు ఉందా, లేకపోతే కంపెనీ నుంచే రాలేదా, తర్వాత తీశారా, హెచ్చరిక ఏ భాషలో ఉంది. వినియోగదారుల కమిషన్‌కు పోవడానికి రెండేళ్ల గడువు ఉంటుంది. బండికి అంత ఓపిక ఉండదు. వచ్చే వారమే మరమ్మతు చేయించి, రంగు వేయించి ఇంకో మడిలో దింపుతారు. అది దిగేలోపే కురవి ఠాణాలోనో మానుకోట ఆసుపత్రి వరండాలోనో ఎవరో ఒకరు ఆ సంగతులు కాగితం మీద పెట్టాలి, ఫోన్లో నాలుగు ఫొటోలు తీసి పెట్టాలి. అప్పుడు 'ప్రమాదవశాత్తు' అని ఎవరు రాసినా, ఆ మాట నిజమే చెబుతుంది.